కుట్టులేని అంచు

కికుయా హాలు మూతపడకుండా ఆపింది నేనే. ఈ మాట ఇప్పుడు ఇంకెవరూ అనరు. అప్పుడప్పుడు నాలో నేనే అనుకుంటాను. అనుకున్న ప్రతిసారీ నాలుక మీద మాత్ర కరిగినట్టు చేదుగా ఉంటుంది.

మొదటిసారి అక్కడికి వెళ్ళింది 1981 మార్చిలో ఒక ఆదివారం. కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లోని మా అపార్ట్‌మెంట్ నుంచి ఇరవై నిమిషాల డ్రైవ్. పక్క ఊళ్ళో జపాన్ వాళ్ళ వీధి ఒకటుంది. టోఫు అనే సోయా పన్నీరు చేసే దుకాణం, బౌద్ధాలయం, రెండు చిన్న హోటళ్ళు, వాటి మధ్య రెండంతస్తుల చెక్క కట్టడం. కింద ఎప్పుడో మూసేసిన చేపల కొట్టు, పైన హాలు. స్ట్రాబెరీ తోటల కూలీలు, లాండ్రీల వాళ్ళు కలిసి 1913లో కట్టుకున్నారట. పాత కట్టడాల్లో నేల ఎంత బరువు మోస్తుందో లెక్కకట్టి రిపోర్టు ఇచ్చే పని సిటీవాళ్ళు మా ఆఫీసుకి అప్పగించారు. ఆఫీసంటే ఐదుగురం. యజమాని కృష్ణమోహన్ గారు, విజయవాడ మనిషి. చెక్క కట్టడాలన్నీ నా నెత్తిన వేసేవారు.

తలుపు తీసినతను డెబ్భై దాటిన పొట్టి మనిషి. ముంజేతుల నిండా పాత ముళ్ళగీతలు. పేరు నగతాని. ముప్పై ఏళ్ళు తెల్లవాళ్ళ ఇళ్ళలో తోటపని చేసి మానేశాడు. నా చేతిలో టేపు, క్లిప్‌బోర్డు చూసి కూడా ఎందుకొచ్చావని అడగలేదు.

"బూట్లు విప్పు," అన్నాడు.

విప్పాను. లోపల కుర్చీలు లేవు. గడ్డిచాపలు పరిచిన నేల మీద వరసలుగా చదరపు దిండ్లు. ఎదురుగా మోకాలెత్తు వేదిక. దాని మీద ఒకే ఒక్క ఊదారంగు దిండు.

"ఇంకో గంటలో ఆట ఉంది. కొలుచుకుని పోతావా, కూర్చుంటావా?"

"నాకు జపనీస్ రాదండీ."

"మా మనవలకీ రాదు. వాళ్ళు రారు. నువ్వొచ్చావు."

కూర్చున్నాను. ఆ కళని రకుగో అంటారని అతనే చెప్పాడు. ఒక మనిషి దిండు మీద మోకాళ్ళు మడిచి కూర్చుని హాస్యకథ చెబుతాడు. చివరిదాకా లేవడు. చేతిలో ఒక మడత విసనకర్ర, ఒక తుండుగుడ్డ. పాత్రలన్నీ అతనే. తల ఎడమకి తిప్పితే ఒకడు, కుడికి తిప్పితే ఇంకొకడు. చూపు కిందికి దించితే యజమాని, పైకెత్తితే నౌకరు. ఆ రోజు టోఫు కొట్టాయన ఒక చిన్న కథ, నగతాని ఒక కథ చెప్పారు. నలభై మంది ముసలివాళ్ళు దిండ్ల మీద ఊగిపోతూ నవ్వారు. ఒక్క ముక్క అర్థం కాకుండానే నేనూ నవ్వాను. కళ్ళు తుడుచుకుంటుంటే, ఆ తడి ఎక్కడి నుంచి వచ్చిందో నాకే తెలియలేదు.

అందరూ వెళ్ళాక నగతాని నా దగ్గరకొచ్చి నించున్నాడు.

"అందరికంటే అర క్షణం ఆలస్యంగా నవ్వుతున్నావు. నన్ను చూసి కాదు, వాళ్ళని చూసి నవ్వుతున్నావు."

నాకప్పుడు నలభై ఒకటి. బాపట్ల మిషన్ ఆసుపత్రిలో మా నాన్న గుమస్తా. దొరగారు ఇంగ్లీషులో జోకు వేస్తే నాన్న సరిగ్గా అంతే ఆలస్యంగా, అంతే గట్టిగా నవ్వేవాడు. ఆరేళ్ళ వయసులో వరండా స్తంభం పక్కన నించుని చూశాను. నవ్వడం అలాగే నేర్చుకున్నాను. ఎదుటి మొహం చూసి నా మొహం సర్దుకోవడం తప్ప నాకంటూ వేరే మొహం లేదన్న సంగతి అంతవరకు లూసీ ఒక్కతే కనిపెట్టింది. లూసీ నా భార్య, నర్సు. ఆమె డ్యూటీలకీ నా ఆఫీసుకీ పొంతన కుదరక మేం ఎక్కువగా ఫ్రిజ్ మీద చీటీలతో మాట్లాడుకునేవాళ్ళం.

ప్రతి నెలా మూడో ఆదివారం కికుయాలో ఆట. ఆదివారం మధ్యాహ్నమే మా తెలుగు ఆరాధన కూడా. చుట్టుపక్కల ఊళ్ళన్నీ కలిపి తొమ్మిది కుటుంబాలం, ఒక అమెరికన్ చర్చివాళ్ళు తమది ముగించుకున్నాక వెనక గది ఇచ్చేవారు. మూడో ఆదివారాలు నాకు సైట్ పని ఉందని చెప్పడం మొదలుపెట్టాను.

"మూడో ఆదివారమే లేచే సైట్ ఏంటి బ్రదర్?" అంది వసంతకుమారి గారు, అందరి ముందూ ప్లేట్లు పంచుతూ. "అమావాస్యకి లేచే దయ్యంలాగా!"

"ఆ దయ్యం దగ్గర ఈయన నవ్వుతారంట, వదినా," అంది లూసీ. "మన దగ్గర నవ్వరు కదా, పోనివ్వండి."

జూన్ వచ్చేసరికి నగతాని నాకొక పని ఇచ్చాడు. ఒక కథకుడు దిగి ఇంకొకడు ఎక్కే ముందు వేదిక మీది దిండు తిరగేయాలి. కొత్తవాడు పాతవాడి వెచ్చదనం మీద కూర్చోకూడదు. జపాన్‌లో అది కొత్త శిష్యుడి పని.

"మాకు శిష్యులు లేరు. నువ్వు చెయ్యి," అన్నాడు.

నలభై ఒక్కేళ్ళ స్ట్రక్చరల్ ఇంజనీర్ని సాక్సులతో వేదికెక్కి అట్టు తిరగేసినట్టు దిండు తిరగేసి దిగాను. హాలంతా నిశ్శబ్దమైంది. ఎవరో చిన్నగా దగ్గారు. నగతాని వేదిక వెనక నుంచి వచ్చి దిండుని సగం తిప్పి సర్ది వెళ్ళాడు. తర్వాత చూపించాడు. నాలుగు అంచుల్లో మూడు కుట్టినవి, నాలుగోది గుడ్డ మడత, కుట్టు ఉండదు. ఆ అంచు జనం వైపు ఉండాలి.

"చెప్పేవాడికీ వినేవాడికీ మధ్య కుట్టు పడకూడదు," అన్నాడు. "నువ్వు కుట్టు పెట్టావు."

తర్వాత ఎప్పుడూ తప్పు చేయలేదు. ఆ పనికోసం ఎదురుచూసేవాణ్ణి. నా కొలతలు పూర్తయి అప్పటికి రెండు నెలలైంది. రిపోర్టు ఆలస్యం చేస్తున్నాను.

వేదిక వెనక చిన్న గది ఉంది. గోడకి కథకుల పేర్లు రాసిన చెక్కలు వేలాడుతుండేవి, చనిపోయినవాళ్ళవి కూడా. జూలైలో ఒక ఆదివారం ఆట అయ్యాక ఆ గదిలో టీ పోస్తూ నగతాని తన సంగతి చెప్పాడు. పుట్టింది కాలిఫోర్నియాలో. పదేళ్ళప్పుడు తండ్రి టోక్యోలో బంధువుల దగ్గరికి పంపేశాడు. అక్కడ ఒక కథకుడి దగ్గర నాలుగేళ్ళు శిష్యరికం. ఆ గురువు ఒక పెద్ద కథ నేర్పి, "ఇది ఆఖరున చెప్పేవాడి కథ. నీ తర్వాత చెప్పేవాడు ఇంకెవడూ లేని రోజున చెప్పు," అన్నాడట. 1930లో తిరిగొచ్చాడు. 1942లో, జపాన్‌తో యుద్ధం వచ్చిందని, ప్రభుత్వం ఈ వీధివాళ్ళందరినీ వయోమింగ్‌లో నిర్బంధ క్యాంపుకి తరలించింది.

"ఆరు రోజులు టైమిచ్చారు. హాలు మూసే రోజున ఆ కథ చెబుదామనుకున్నాను. ఆ ఆరు రోజులూ సామాన్లు కట్టుకోవడానికే సరిపోయాయి. నాన్న తాళం వేశాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు. తాళం చప్పుడు ఒక్కటే."

"తిరిగొచ్చాక చెప్పలేదా?"

"తిరిగొస్తే అది తెరిచిన రోజు. ఇది మూసే రోజు కథ."

కథ మొదలు ఇంగ్లీషులో చెప్పాడు. ఒక సంపన్నుడి కుటుంబం ఊరొదిలి వెళుతూ ఇంటికి ఒక కాపలావాణ్ణి పెడుతుంది. ఇల్లు ఖాళీ అని తెలిస్తే దొంగలు పడతారని అతని భయం. అందుకని చీకటి పడగానే లోపల కూర్చుని ఇంట్లో వాళ్ళందరి గొంతులతో మాట్లాడతాడు. యజమాని, భార్య, అత్తగారు, వంటమనిషి. కొన్నాళ్ళకి అత్తాకోడళ్ళకి తగువొస్తుంది. అతను పెట్టిందే, కానీ ఆపలేకపోతాడు. దొంగ రానే వస్తాడు. తలుపుకి చెవి ఆనించి వింటాడు. రోజూ వస్తాడు, దొంగతనం మానేసి తగువు వినడానికి. ఒక రోజు అత్తగారు మరీ అన్యాయంగా మాట్లాడేసరికి ఉండబట్టలేక తలుపు తోసుకుని లోపలికొస్తాడు, కోడలి తరఫున మాట్లాడదామని.

విసనకర్రతో తలుపు తోసి, దొంగ మొహం పెట్టి, అక్కడ ఆపేశాడు.

"తర్వాత?"

"తర్వాతది ఈ గదికి చెప్పాలి. నీ లెక్కలో నేల ఓడిపోతుంది కదా? నేనూ ఈ నేల కింద దూలాలు చూసినవాణ్ణే. ఓడిపోయిందని రాయి. తొంభై రోజుల నోటీసు వస్తుంది. డిసెంబరు మూడో ఆదివారం ఆఖరి ఆట. అందరూ వస్తారు. రాని మనవలు కూడా వస్తారు. నువ్వు దిండు తిరగేయి. నేను చెబుతాను."

అతను అడిగింది అదొక్కటే. ఉన్నది ఉన్నట్టు రాయమన్నాడు. అంత తేలికైన సాయం నన్ను ఎవరూ అడగలేదు.

లెక్క ఇదీ. కోడ్ ప్రకారం, జనం కూర్చునే హాల్లో కుర్చీలు నేలకి బోల్టు చేసి ఉంటే, నేల చదరపు అడుగుకి యాభై పౌండ్లు మోయగలిగితే చాలు. కదిలే కుర్చీలో, దిండ్లో అయితే నూరు మోయాలి, ఎందుకంటే వాటిని తీసేసి జనం కిక్కిరిసి నించోవచ్చు. కికుయా నేల అరవై రెండు మోస్తుంది. దిండ్ల మీద కదలకుండా కూర్చునే నలభై మంది ముసలివాళ్ళ బరువు ఇరవై కూడా ఉండదు. కోడ్‌కి ఆ ముసలివాళ్ళు తెలియదు.

ఆగస్టులో కృష్ణమోహన్ గారు నా టేబుల్ మీద కూర్చున్నారు.

"ఏంటయ్యా ఆమోసూ, ఆ జపాన్ హాలుతో కాపురం పెట్టావా? ఫ్లోర్ ఎంతొచ్చింది?"

"సిక్స్‌టీ టూ సార్."

"కావాల్సింది హండ్రెడ్. ఫెయిల్. సైన్ చేసి పంపెయ్."

"కుర్చీలు బోల్ట్ చేస్తే పాసవుతుంది సార్."

"చేయమని అడిగారా వాళ్ళు?"

"లేదు. ఆ ముసలాయన ఫెయిలని రాయమన్నాడు."

ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూశారు. "ఆయనే ఫెయిల్ రాయమంటున్నాడు, లెక్కా ఫెయిలంటోంది. నువ్వేమో అడగనివాడికి ఆపరేషన్ చేస్తానంటావు. నీ బాధేంటయ్యా?"

నా బాధేంటో నాకు తెలియదని ఇన్నాళ్ళు అనుకున్నాను. తెలుసు. డిసెంబరు తర్వాత మూడో ఆదివారాలు ఉండవు. దిండు తిరగేసే పని ఉండదు. దాన్ని నేను 'పాత కట్టడాన్ని రక్షించడం' అని పిలిచాను. మనసు తన ఆకలికి మంచి పేరు వెతుక్కోవడంలో ఎంత చురుకో ఆ నెలంతా చూస్తూ కూడా చూడనట్టున్నాను.

నగతానికి చెప్పకుండా హాలు సంఘం సెక్రటరీ దగ్గరికి వెళ్ళాను. అతని పేరు హిరాయ్, పళ్ళ డాక్టరు. డ్రాయింగ్ పరిచి చూపించాను. అరవై కుర్చీలు, ఆరు వరసలు, ప్రతి కాలికీ బోల్టులు. అతను నిలబడి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు.

"మా తాతలు కట్టిన హాలు. మీరు కాపాడారు. థాంక్యూ. థాంక్యూ."

ఒక పెట్టె నిండా, టమాటాల్లా కనబడే పెర్సిమన్ పళ్ళు కారు దాకా మోసుకొచ్చి పెట్టాడు. ఇంటికి తెచ్చి టేబుల్ మీద పెట్టి, జరిగింది చెప్పాను. లూసీ డ్యూటీకి బయల్దేరుతూ బూట్ల లేసులు కట్టుకుంటోంది.

"ఆ తాతయ్య మిమ్మల్ని అడిగింది ఇదేనా?"

"ఆయనకి తెలీదు. హాలు ఉంటే ఎన్ని కథలైనా చెప్పుకోవచ్చు కదా."

"ఆయనకి తెలీదు, మీకు తెలుసు." లేసు గట్టిగా లాగింది. "థాంక్యూ వినకపోతే మీకు ఊపిరాడదండీ. మా వార్డులో ఉంటారు అలాంటోళ్ళు. మాస్క్ తీస్తే నీలంగా అయిపోతారు. కానీ వాళ్ళు వేరేవాళ్ళ మాస్క్ లాక్కోరు."

పళ్ళు ఒక్కటీ ముట్టుకోలేదామె. నేను తిన్నాను. ఇంకా పండలేదు, నోరంతా వగరు.

సంఘం ఓటు వేసింది. నగతాని అవుననలేదు, కాదనలేదు. మూతపడిన సినిమాహాలు నుంచి ఎర్ర వెల్వెట్ కుర్చీలు తెచ్చారు. చాపలు తీసి చుట్టేశారు. సిటీ పాస్ చేసింది. రిపోర్టులో ఆఖరి షరతు నేనే రాశాను. ఇకమీదట వేదికలో గాని నేలలో గాని ఏ మార్పూ చేయరాదు. కుర్చీల బరువు పోగా నేలలో మిగిలిన ఓపిక కొంచెమే. అది పద్ధతి ప్రకారం రాసిన వాక్యం. ఇప్పటికీ తప్పు పట్టలేను.

1982 జనవరిలో కొత్త కుర్చీలతో మొదటి ఆట. టోఫు కొట్టాయన దిగాక నేను వెళ్ళి దిండు తిరగేశాను, కుట్టులేని అంచు ముందుకి. నగతాని వచ్చి వంగి నమస్కరించి మొదలుపెట్టాడు. రెండు నిమిషాలకే ఏదో తేడా కొట్టింది. ఇదివరకు జనం నేల మీద, అతను మోకాలెత్తున. ఇప్పుడు కుర్చీల్లో జనం మొహాలు అతని కళ్ళకంటే పైన. ఎవరిని చూడాలన్నా తలెత్తాలి. యజమాని పాత్ర వచ్చింది, తలెత్తాడు. నౌకరు వచ్చాడు, తలెత్తాడు. ఎవరు ఎవరో తెలియక జనం నవ్వాల్సిన చోట ఆగారు, ఆగాల్సిన చోట ఎవరో నవ్వారు. కథ మధ్యలో విసనకర్ర మూసి ముందు పెట్టి, నుదురు నేలకి ఆనించి, లేచి వెళ్ళిపోయాడు.

వెనకగదిలోకి వెళ్ళాను. గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఇప్పుడు నా కథల్లో అందరూ నౌకర్లే," అన్నాడు.

"వేదిక ఎత్తు పెంచితే..." అని ఆగిపోయాను.

"పెంచకూడదని రాసి ఉంది. హిరాయ్ చదివి వినిపించాడు. చక్కగా రాశావు." కప్పులో చల్లారిన టీ చూస్తూ అన్నాడు. "ఆఖరి రోజు ఎప్పుడు?"

నాకు ప్రశ్న అర్థం కాలేదు.

"హాలు పాసయింది. పాసయిన హాలుని ఎవరూ మూయరు. మూయనిదానికి ఆఖరి రోజు ఎక్కడినుంచి వస్తుంది? యుద్ధంలో కనీసం తేదీ ఇచ్చారు."

అతను మళ్ళీ ఆట చెప్పలేదు. టోఫు కొట్టాయన రెండు నెలలు ఒంటరిగా లాగి మానేశాడు. ఎవరూ తాళం వేయలేదు, ఎవరూ రాలేదు. నేను మూడో ఆదివారాలు ఆరాధనకి వెళ్ళడం మొదలుపెట్టాను. "దయ్యం వదిలిందా బ్రదర్?" అంది వసంతకుమారి గారు.

1983 వేసవిలో హిరాయ్ ఫోన్ చేశాడు. ఆదివారాలు హాలు ఊరికే పడి ఉంది, కుర్చీలు కూడా ఉన్నాయి, మీవాళ్ళకెవరికైనా పనికొస్తుందా? అప్పటికి మేం పదహారు కుటుంబాలం, అమెరికన్ చర్చివాళ్ళ వెనక గది చాలడం లేదు. ఒక్క క్షణం ఆలోచించి ఉంటే కాదనేవాణ్ణేమో. అతని గొంతులో ఆశ వినపడింది. నా నోరు అవునంది.

మావాళ్ళు మురిసిపోయారు. తెనాలిలో హెడ్‌మాస్టరుగా రిటైరై, కొడుకు సామ్యూల్ దగ్గర ఆరు నెలలుండటానికి వచ్చిన దైవాశీర్వాదం గారు మా పెద్ద అయ్యారు. మొదటి ఆదివారం కుర్చీని రెండు చేతులతో ఊపి చూశారు.

"కదలట్లేదు! పిల్లలు లాగలేరు. దేవుడు నీచేత ముందే చేయించాడు బ్రదర్ ఆమోస్. మనకోసమే అప్పట్లో ఆ పనిమీద నిన్ను ఇక్కడికి పంపాడు."

"ఆమేన్," అన్నారు అందరూ. వేదిక మధ్యలో ప్రసంగపీఠం పెట్టారు.

అక్టోబరులో మూడో ఆదివారం ప్రసంగం మధ్యలో వెనక తలుపు తెరుచుకుంది. నగతాని. భుజాన గుడ్డసంచి. వెనకగదిలో పేర్ల చెక్కలు, ఊదారంగు దిండు తీసుకుపోవడానికి వచ్చాడు. అవి సంచిలో పెట్టుకున్నాడు, వెళ్ళలేదు. ఆఖరి వరసలో ఎర్ర కుర్చీలో, కాళ్ళు నేలకి అందీ అందకుండా కూర్చున్నాడు. దైవాశీర్వాదం గారు చేప మింగిన యోనా ప్రవక్త గురించి చెబుతూ, "వీసా లేకుండా చేప కడుపులో మూడు రోజులు స్టే చేశాడు," అన్నారు. అందరూ నవ్వారు. అర క్షణం ఆగి నగతాని నవ్వాడు. నాకేసి చూస్తూ నవ్వాడు.

మా ఆరాధనలో కొత్తవాళ్ళెవరొచ్చినా నిలబెట్టి సాక్ష్యం చెప్పిస్తారు. దేవుడు నీకు చేసిన మేలు ఏమిటో రెండు మాటలు చెప్పాలి. కాదంటే ఊరుకోరు.

"ఆ పెద్దాయన్ని ముందుకి పిలవండి బ్రదర్," అన్నారు దైవాశీర్వాదం గారు. "ఆయన సొంత భాషలోనే చెప్పనివ్వండి. నువ్వు తర్జుమా చెయ్యి. ఇన్నాళ్ళు వీళ్ళతో తిరిగావు కదా."

నాకు ఆ భాష రాదని అనకుండానే వెనక వరస దాకా వెళ్ళి నగతానికి చెప్పాను. "రెండు మాటలు మాట్లాడమంటున్నారు. ఇష్టం లేకపోతే..."

అతను హాలు నలువైపులా చూశాడు. దూలాలు, కిటికీలు, బోల్టులు. నలభైకి పైగా జనం అతనివైపు తిరిగి ఉన్నారు. పిల్లలు కూడా ఉన్నారు.

"నేను ఇంక ఈ మెట్లెక్కను," అన్నాడు. "నావరకు ఇదే ఆఖరి రోజు."

సామ్యూల్ ప్రసంగపీఠం పక్కకి లాగాడు. నగతాని సంచిలోంచి దిండు తీసి నాకిచ్చాడు. నేను వేశాను, కుట్టులేని అంచు జనం వైపు. అతను కూర్చుని, విసనకర్ర ముందు పెట్టి, వంగాడు. మొదలుపెట్టాడు. మాటలు తెలియకపోయినా, గొంతులు మారే తీరుని బట్టే పోల్చుకున్నాను. కాపలావాడి కథ.

ఆ రెండేళ్ళలో అతను దారి కనిపెట్టినట్టున్నాడు. ఎవరి గొంతు వచ్చినా తల పైకే ఎత్తాడు. యజమానీ, అత్తగారూ, కోడలూ, అందరూ ఒక కాపలావాడి నోటివాళ్ళే కదా. నౌకరు యజమానిని నటిస్తే చూపు అలాగే ఉంటుంది, కిందినుంచి. నా కుర్చీలు పాడుచేసిందాన్ని ఆ కథలోకే కలిపేసుకున్నాడు. ముందు వరసలో ఇద్దరు పిల్లలు అత్తగారి గొంతు విని కిసుక్కుమన్నారు. అప్పుడతను తర్జుమా కోసం ఆగి నావైపు చూశాడు.

నలభై మొహాలు నావైపు తిరిగాయి. దైవాశీర్వాదం గారు తలూపారు, చెప్పు అన్నట్టు. ఆ మొహాల్లో ఏం కావాలో నాకు కనిపించింది. ఖాళీ ఇల్లు, దొంగ, అత్తాకోడళ్ళ తగువు అని నేను చెప్పగలను. చెబితే ఆ మొహాలు ఎలా ముడుచుకుంటాయో కూడా కనిపించింది.

"యుద్ధకాలంలో వీళ్ళ ఇళ్ళన్నీ ఖాళీ చేయించి క్యాంపులకి పంపారంట," అన్నాను. "తిరిగొస్తామో లేదో తెలియదు. ఆ ఖాళీ ఇళ్ళకి కాపలా ఎవరు? దేవుడే కాపలా ఉన్నాడని చెబుతున్నారు."

"ఆమేన్! హల్లెలూయా!" హాలంతా చప్పట్లు. వసంతకుమారి గారు కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

నగతాని విసనకర్ర గాల్లోనే ఆగిపోయింది. దొంగ తలుపు మీద చెయ్యి వేయబోయే చోటు అది. చప్పట్లు ఆగేదాకా ఆగాడు. నన్ను దగ్గరకి రమ్మని తలూపాడు.

"ఏం చెప్పావు?" నెమ్మదిగా, ఇంగ్లీషులో.

"మీ కథే."

"నా కథలో అక్కడ ఎవరూ చప్పట్లు కొట్టరు."

అంతే అన్నాడు. కోపం లేదు. ముళ్ళపొదలో చెయ్యి పెట్టేముందు తోటవాడు ఎలా చూస్తాడో అలా ఒక్కసారి నా మొహంలోకి చూశాడు, ఎక్కడ ఏముందో గుర్తుపెట్టుకోవడానికి. నుదురు నేలకి ఆనించి లేచాడు. నేను అలవాటుగా దిండు తిరగేయడానికి వంగాను. నా మణికట్టు పట్టుకుని పక్కన పెట్టాడు. తనే తిరగేశాడు, అంచు సరిచూశాడు. దాన్ని అక్కడే వదిలేసి సంచి భుజాన వేసుకుని జనం మధ్యనుంచి నడిచాడు. దారిపొడుగునా మావాళ్ళు లేచి చేతులు పట్టుకుని "వందనాలు, వందనాలు" అన్నారు. అందరికీ వంగాడు.

"ఎంత చక్కటి సాక్ష్యం!" అన్నారు దైవాశీర్వాదం గారు, వేదికెక్కుతూ. దిండు కాళ్ళకి అడ్డం వస్తే పాదంతో పక్కకి జరిపి ముగింపు ప్రార్థనకి చేతులెత్తారు. కళ్ళు మూసుకోమన్నారు. మూసుకున్నాను. మెట్ల మీద బూట్లు తొడుక్కుంటున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆ హాల్లో బూట్లు విప్పి వచ్చినవాడు ఆ రోజు అతనొక్కడే.

ఇంటికి వెళ్తుంటే లూసీ డ్రైవ్ చేస్తోంది. సిగ్నల్ దగ్గర ఆగాక అడిగింది.

"ఆయన నిజంగా ఏం చెప్పారండీ? అది సాక్ష్యం కాదు. ఆ గొంతు ఎవరో అత్తగారిది."

చెప్పాను. ఖాళీ ఇల్లు, కాపలావాడు, నాలుగు గొంతులు, తను పెట్టిన తగువు తనే ఆపలేకపోవడం, రోజూ వినడానికొచ్చే దొంగ. దొంగ తలుపు తోసుకుని కోడలి తరఫున మాట్లాడటానికి వచ్చాడని చెప్పేసరికి లూసీ నవ్వింది. స్టీరింగ్ మీద తల ఆనించి నవ్వింది. వెనకవాడు హారన్ కొట్టినా ఆపలేకపోయింది. పెళ్ళైన పద్నాలుగేళ్ళలో నా మాటకి ఆమె అలా నవ్వడం అదే మొదలు.

"తర్వాత?" అంది కళ్ళు తుడుచుకుంటూ. "లోపలికొచ్చి ఏం చేశాడు?"

తెలియదని చెప్పాలి. ఆ మాట చెబితే చాలు. ఆమె మొహం నావైపు తిరిగి ఉంది, ఇంకా నవ్వుతూ, ఇంకా కావాలంటూ.

నేనొక ముగింపు కల్పించి చెప్పాను.

నవ్వు ఆగిపోయింది. రోడ్డుకేసి తిరిగి గేరు మార్చింది.

"అది ఆయనది కాదు," అంది.